సాగిన టేపు

"గొంతులో ఏమీ లేదమ్మా, పాపని హాయిగా పాడుకోమనండి" అన్న నెల్లూరు డాక్టరు మాట పట్టుకుని పోయిన వారం నేను ఆస్పత్రి మెట్లు దిగాను. ఆ మాట విన్న తల్లి ఎవరైనా స్తోత్రం చెప్పుకుంటుంది. నేను మాత్రం మైపాడు బస్సులో కూర్చున్నంతసేపూ ఆ చీటీనే తిప్పి తిప్పి చూశాను. పెద్ద జబ్బయితే డాక్టర్లు మొహం మీద చెప్పరనీ, ఇంటి మగవాళ్ళని పక్కకి పిలిచి చెబుతారనీ ఎవరో అనగా విన్నాను. ఏడో తరగతితో బడి మానేసినదాన్ని. చీటీలో అక్షరాలు కూడబలుక్కోగలను గానీ, వాటి వెనక ఏం దాచారో నాకెలా తెలుస్తుంది?

గొంతు బాగుంటే మరి మా ఏంజెలిన్ శ్రుతి ఎందుకు తప్పింది?

తప్పిందని చెప్పింది ఎవరో కాదు, వాళ్ళ నాన్నే. మూడు వారాల కిందట, ఆదివారం ఆరాధన అయ్యాక క్వయరు సాధన జరుగుతుంటే, మా ఆయన హార్మోనీ ఆపేసి అందరి ముందూ అన్నాడు: "పైకి పోయేతలికి దిగిపోతా ఉండావు పాపా. నీ వల్ల కాదులే, కూర్చో." అని, క్రిస్మస్ తెల్లవారుజామున పాడే పాటని క్వయరులోనే పాడే అబిగయీలుకి ఇచ్చేశాడు. అది మా మామగారు కట్టిన పాట. 'తీరం చేరిన వెలుగా, మా పడవలోన దిగుమా' అని మొదలవుతుంది. అరవై ఏళ్ళుగా ఆ పాట మొదటి చరణం ఈ ఇంటి ఆడమనిషే ఒంటరిగా పాడుతుంది. మా అత్త తర్వాత మా ఆడబిడ్డ, ఆమె పెళ్ళయి వెళ్ళాక మా ఏంజెలిన్. ఈ ఏడే మొదటిసారి పాట ఇల్లు దాటి బయటికి పోయింది.

ఆ రోజు నుంచి బిడ్డ నోట రాగం లేదు. ఇరవై ఒక్కేళ్ళ పిల్ల. అంట్లు తోముతూ పాడేది, ఆవుకి గడ్డి వేస్తూ పాడేది, సబ్బు నురగ కళ్ళల్లో పడినా పాట ఆపేది కాదు. ఇప్పుడు మా ఇంట్లో గిన్నెల చప్పుడు గిన్నెల చప్పుడులాగే వినిపిస్తోంది. నాకు అంతకన్నా భయం ఇంకేముంటుంది?

నా సంగతి చెప్పాలి. ఈ ఇంట్లో పాట రానిది నేనొక్కదాన్నే. పెళ్ళయిన కొత్తలో మా అత్త రెబెక్కమ్మ నా చేత ఒక కీర్తన పాడించుకుని, చివరిదాకా ఓపిగ్గా విని, "నీకు కుట్టుపని వచ్చు గదా, మంచిదే" అంది. అప్పటి నుంచి పాట వాళ్ళది, మిషను నాది. ప్రతి క్రిస్మస్‌కీ ఒకే తానులో గుడ్డ తెచ్చి ఇంటిల్లిపాదికీ నేనే కుడతాను. మా ఆయనకీ కొడుకు జడ్సన్‌కీ చొక్కాలు, పాపకి డ్రెస్సు, అత్తకీ నాకూ రవికెలు. బజారులో కుట్టినవి ఇంతవరకూ ఈ ఇంట్లో ఎవరూ పండక్కి తొడగలేదు. కుట్టినవన్నీ మడిచి హార్మోనీ పెట్టె మీద దొంతరగా పెడితే, అత్త వాటి మీద చెయ్యి వేసి ప్రార్థన చేస్తుంది. తర్వాత పెట్టె వాయిస్తూ తాత పాట ఒకసారి పాడుకుంటారు. అప్పుడు ఎవరి గుడ్డ వాళ్ళ చేతికిస్తుంది. కొలత చూడటానికి తప్ప, ప్రార్థన కాని గుడ్డ ఒంటి మీద వేసుకోకూడదు.

ఆ ప్రార్థన ఈ శనివారం మధ్యాహ్నానికి పెట్టుకున్నాం. పండక్కి ఇంకా ఐదు రోజులుంది. మూడు రోజులుగా ముసురు. వాకిట్లో వెదురు గెడకి కట్టిన రంగుకాగితాల నక్షత్రం తడిసి ఒక కొస కిందికి వేలాడుతోంది. దాంట్లో బల్బు తీసేయమని నేను నాలుగుసార్లు మొత్తుకున్నాను. కరెంటు వైరు, తడి గెడ, పక్కనే ఆవు. ఎవరైనా వింటేనా?

*

పాప డ్రెస్సుకి కింద మడత కుట్టడం, మా ఆయన చొక్కాకి భుజాలు సరిచూడటం, ఆ రెండే మిగిలాయి. ఆయన కొలత ఎప్పుడూ చివరికే. రొయ్యల గుంటల దగ్గర జనరేటరు పని ఆయనది. పొద్దున పోతే చీకటి పడ్డాకే రాక. ఆ రోజు సగం పూట సెలవు పెట్టి వచ్చాడు.

కొలత కోసం వదులుగా పచ్చికుట్టు వేసిన చొక్కా తొడిగి కిటికీ వైపు తిప్పి నిలబెట్టాను. నేను వెనక నిలబడి భుజం దగ్గర గుండుసూదులు గుచ్చుతున్నాను. మిగతా సూదులు నా పళ్ళ మధ్య ఉన్నాయి. ఎప్పుడో ఒకటి మింగేస్తానని నాకు భయం, అయినా ఆ అలవాటు పోదు.

"కుడి చెయ్యి పైకెత్తు" అన్నాను.

ఎత్తలేదు. కిటికీలోంచి వాన చూస్తున్నాడు.

పళ్ళ మధ్య సూదులతో మాట ముద్దగా వచ్చిందేమోనని తీసి చేతిలో పట్టుకున్నాను. "ఏమయ్యా, కుడి చెయ్యి ఎత్తమంటా ఉండా."

ఎత్తలేదు.

పక్షవాతం. మా పెద్దనాన్నకి ఇట్లాగే వచ్చింది, నిలబడినవాడు నిలబడినట్టే ఉండి చెయ్యి లేపలేకపోయాడు. నేను గబగబా ముందుకి వచ్చి ఆయన మొహం చూశాను. మూతి వంకర పోలేదు. నన్ను చూసి నవ్వాడు.

"ఏమే, అయిపోయిందా?"

"కుడి చెయ్యి ఎత్తు."

ఎత్తాడు. సుబ్బరంగా, చెవి పక్కకి ఆనేదాకా ఎత్తాడు.

చేతికి ఏమీ లేదు. డాక్టరు చెప్పినట్టే అనుకున్నాను, ఏమీ లేదు, అయినా ఏదో ఉంది. మళ్ళీ వెనక్కి వెళ్ళాను. మూలనున్న నా కుట్టుమిషను మీద చూపు పడింది. ముసురు పడితే దాని తొక్కుడుబల్ల కీచుమని కూస్తుంది. ఏటా ఆ కూత వినలేక ఈయనే నూనె డబ్బా పట్టుకుని పరుగెత్తుకొచ్చేవాడు. 'నా చెవులో సూది దించతా ఉండావు గదే' అని తిట్టేవాడు. ఈ ఏడు మిషను మూడు వారాలుగా కూస్తోంది. వీధిలో పోయేవాళ్ళు కూడా తొంగిచూశారు. ఈయన పక్కనే కూర్చుని రాగి సంగటి తిన్నాడు.

ఆయన వీపు వెనకే నిలబడి, మామూలు గొంతుతో అన్నాను.

"ఏమయ్యా, నీ చొక్కాకి నిప్పంటుకుంది."

ఆయన వాన చూస్తూనే ఉన్నాడు.

*

ముందుకి వచ్చి ఆయన రెండు భుజాలూ పట్టుకున్నాను. సూదులు గుచ్చుకుంటాయని కూడా తోచలేదు.

"ఎన్నాళ్ళ నించి?"

"ఏంది ఎన్నాళ్ళ నించి?"

"వినపడంది."

ఆయన నా మొహం వంక కాక నా పెదాల వంక చూస్తున్నాడని అప్పుడు గమనించాను. ఎప్పటి నుంచి ఇట్లా చూస్తున్నాడో! నేను ఏమనుకున్నాను? ఈ మధ్య ఈయనకి నా మీద ప్రేమ పెరిగిందనుకున్నాను. ఏ మాట చెప్పినా నా మొహం మీద నుంచి కళ్ళు తీయడం లేదని లోలోపల మురిసిపోయాను కూడా.

ఆయన వంటింటి వైపు చూశాడు. అక్కడ అత్త కజ్జికాయలకి కొబ్బరి తురుముతోంది. "నిమ్మళంగా మాట్లాడు" అన్నాడు.

"నిమ్మళంగా మాట్లాడితే నీకు వినపడాల గదా!"

ఆ మాట అన్నాక నాకే ఏడుపొచ్చింది. ఆయన మంచం అంచున కూర్చున్నాడు.

"పోయినేడు వానల కాడి నించి" అన్నాడు. "పదహారేళ్ళు ఆ జనరేటరు పక్కన నిలబడినా గదా. ముందు చెవులో ఈల మాదిరి ఉండె. తగ్గతాదిలే అనుకున్నా. మగోళ్ళ మాట తెలస్తాది. ఆడోళ్ళ మాట, చిన్నబిడ్డల మాట మూతి చూస్తే గానీ తెలీదు."

"మరి నాకు చెప్పబళ్ళేదా?"

"నీకు చెబితే ఊరుకుంటావా? మర్నాడే మెదడులో గడ్డంటావు."

నిజమే. అంటాను. ఆ మాట ఆయన చెప్పేలోపే నాకు వచ్చేసింది కూడా. దాన్ని మింగి ఇంకోటి అడిగాను.

"పెట్టె వినపడతాదా?"

"కింది స్వరాలు బాగా వినపడతాయి. నడిమివి పరవాలేదు. పైవి..." చెయ్యి గాలిలో ఊపాడు. "దూరాన దోమ పాడినట్టుంటాది."

ఇక్కడ మీకు ఒక సంగతి చెప్పాలి, నేను సిగ్గుపడే సంగతే. నాలుగేళ్ళ కిందట క్రిస్మస్‌కి అందరి కొలతలూ తీసి, పాత నోటుపుస్తకంతో సరిచూస్తే ఒక్కొక్కరికీ ఛాతీ ఇంచిన్నర తగ్గింది. ఆయనకి తగ్గింది, అత్తకి తగ్గింది, ఎదిగే పిల్లలకి కూడా తగ్గింది. ఇంటిల్లిపాదికీ క్షయ అనుకున్నాను. మూడు రాత్రులు నిద్రపోకుండా ఏడ్చి, అందర్నీ ఆటో ఎక్కించి పెద్దాసుపత్రిలో ఎక్సరేలు తీయించాను. ఎవరికీ ఏమీ లేదు. చివరికి అత్త నా టేపుని పిల్లల స్కేలు పక్కన పరిచి చూసింది. గుడ్డ టేపు. లాగి లాగి సాగిపోయింది. "మనుషులు చిక్కలేదే కరుణా, నీ టేపు సాగింది. నీకు విశ్వాసం లేదు, ఉండేదంతా భయమే" అంది. ఆ కథ పాస్టరమ్మగారికి కూడా తెలిసి, సంఘమంతా ఏడాది పాటు నవ్వారు.

ఆ టేపు ఇప్పుడు నా మెళ్ళో వేలాడుతున్నట్టే అనిపించింది.

"ఏమయ్యా" అన్నాను. "పెట్టెకి ఆకురాయి ఎప్పుడు పట్టినావు?"

హార్మోనీ లోపల ఇత్తడి నాలికలుంటాయి. ఉప్పుగాలికి అవి తుప్పు పడితే స్వరం మారుతుంది. వాటిని సన్నటి ఆకురాయితో గీకి శ్రుతికి తెచ్చేది మా ఆయనే. చుట్టుపక్కల నాలుగు సంఘాల పెట్టెలు మా ఇంటికే వస్తాయి. కొస దగ్గర గీకితే స్వరం లేస్తుందట. ఒకసారి గీకిన ఇత్తడి మళ్ళీ అతుక్కోదు, మా గుడ్డ లాగే. కత్తెర పడిందంటే పడినట్టే.

"సెప్టెంబరులో" అన్నాడు. "పైవి దిగిపోయినట్టు అనిపించినాయి. అన్నీ గీకి లేపినా."

"నీకు అనిపించినాయి."

"ఊఁ."

"పైవి వినపడని నీకు."

ఆయన నా పెదాల మీద నుంచి చూపు తీశాడు. గోడ పక్కన పెట్టె ఉంది. దాని మీద మూడు బట్టలు మడిచి ఉన్నాయి, ఆకాశం రంగు మీద తెల్ల చుక్కలు. ఆయన వేళ్ళు మోకాళ్ళ మీద మెట్లు నొక్కుతున్నట్టు కదిలాయి, పైకి, ఇంకా పైకి, ఆగిపోయాయి.

క్వయరులో మిగతావాళ్ళెవరూ అంత పైకి పాడరు. తాత పాట మొదటి చరణం ఒక్కటే అక్కడిదాకా పోతుంది. అందుకే ఒక్క ఏంజెలినే తప్పింది. బిడ్డ చిక్కలేదు. టేపు సాగింది.

"అయితే పాప సరిగ్గానే పాడిందా?" అని అడిగాడు.

ముప్ఫై ఏళ్ళు పాట నేర్పిన మనిషి, పాట రాని నన్ను అడిగాడు.

"నన్నడగతావా? నాకేం తెలుసు? పెట్టె పక్కన పెట్టి దాని గొంతు ఒక్కటే విను" అని, మళ్ళీ నాలిక కరుచుకున్నాను. ఏం వింటాడు? ఇప్పుడు పాప విప్పి పాడినా, ఆ పై స్వరంలో బిడ్డ గొంతు ఈయనకి దోమ పాటే.

గొంతు కాకూడదు ప్రభువా అని మూడు వారాలు వేడుకున్నాను. గొంతు కాదని ఆయన డాక్టరు నోట చెప్పించాడు. మరి ఏది అని నేను అడగలేదు.

"పోయి పాస్టరు అయ్యగారికి చెప్పు" అన్నాను. "పాపకి చెప్పు. నా చెవి తప్పు, నీది కాదు అని ఒక్క మాట చెప్పు. అది తిండి తింటంలా."

"చెబుతా." చేతులు జోడించినంత పని చేశాడు. "పండగ పోనీ. ఒక్క పండగ. సంఘంలో కుర్రోళ్ళంతా ఈ పెట్టె తీసి కొట్లో పడేద్దామని చూస్తా ఉండారు. అయ్యగారు నా మొహం చూసి ఆగినాడు. నాయన కూర్చున్న చోటే, కరుణా. చెవిటోడు పాట నేర్పతా ఉండాడంట అని మైపాడు దాకా నవ్వతారు. ఈ ఒక్క తెల్లారుజాము వాయించి, నేనే లేచి నిలబడి చెప్పి దిగిపోతా."

"మరి పాప?"

"దానికి వయసుండాది. వచ్చే ఏడు పాడతాది."

ఆ మాట నాకు సూదిలా దిగింది. వచ్చే ఏడు దాకా ఎవరుంటారో ఎవరికి తెలుసు? కానీ ఆయన చేతులు వణుకుతున్నాయి. ఆ చేతులు వణకడం నేను ఎప్పుడూ చూడలేదు. మామగారిని సమాధిలో దించిన రోజు కూడా ఈయన ఆపకుండా పాట వాయించాడు.

"నాకు తెలీకపోతే నీ మొహం చూస్తా" అన్నాడు. "ఎవరేమన్నా నువ్వు నోరు ఆడించు చాలు. నీ మూతి నాకు బాగా అలవాటైపోయింది. ఐదు రోజులే గదా."

సరేనన్నాను. బిడ్డ గొంతు తాకట్టు పెట్టి ఆయన చోటు కాపాడటానికి ఒప్పుకున్నాను. బైబిల్లో కళ్ళు కనపడని మొగుడు ఇస్సాకు ముందు చిన్నకొడుక్కి పెద్దవాడి బట్టలు తొడిగి నిలబెట్టిన తల్లి గురించి ఎన్ని ప్రసంగాలు విన్నాను! ప్రతిసారీ, ఇట్లాంటి తల్లి ఉంటుందా అనుకునేదాన్ని.

*

"వదినా! నా రవికె అయిందా, లేకపోతే పండక్కి గోనెసంచి చుట్టుకోమంటావా?"

అబిగయీలు గొడుగు విదిలించుకుంటూ వాకిట్లోకి వచ్చింది. క్వయరులో పెద్ద గొంతు ఆమెదే. పెట్టె ఎటు పోతే అటు పోయే గొంతు. అందుకే ఆమెకి శ్రుతి ఎప్పుడూ తప్పదు.

"అయింది అబిగయీలూ, ప్రార్థన కానీ, ఇస్తా."

"పాప యాడ? నా మీద కోపంగా ఉండాదేమో. నేనడిగి తెచ్చుకున్నానా తల్లీ? అన్నే పిలిచి ఇచ్చినాడు. ఏం సమాధానం అన్నా, అంతే గదా?"

సమాధానం అంటే మా ఆయనే. ఆయన నా వంక చూశాడు. నేను పెదాలతో 'అవును' అన్నాను. "అవునవును" అన్నాడు ఆయన. మొదటి అబద్ధం ఇంత తేలిగ్గా కుట్టు పడిపోతుందని అనుకోలేదు.

అప్పుడే మోటారుసైకిలు వచ్చి ఆగింది. మా చిన్నవాడు జడ్సన్, పంతొమ్మిదేళ్ళవాడు, తల నుంచి నీళ్ళు కారుతూ లోపలికి వచ్చాడు. వాడి ఒంటి మీద చొక్కా తడిసింది గానీ, చేతుల్లో పొడుగాటి మూట మాత్రం ప్లాస్టిక్ పట్టాలో భద్రంగా ఉంది.

"అవ్వా! అమా! అందరూ రాండి! ఏం తెచ్చినానో చూడండి!"

పట్టా విప్పాడు. కీబోర్డు. ఇందుకూరుపేటలో వాడి స్నేహితుడి దగ్గర పండగ దాకా అడిగి తెచ్చుకున్నాడట. "నాయన పెట్టె, నా కీబోర్డు, రెండూ కలిపి తాత పాట వాయిస్తే యెట్టుంటాది! ఈ పూట ప్రార్థనకే మొదలు పెడదాం."

మా ఆయన కీబోర్డు చూశాడు, నా మొహం చూశాడు.

"వద్దులేరా" అన్నాడు. "వానలో వచ్చింది. తడిసి ఉంటాది. షాకు కొడతాది."

జడ్సన్ పగలబడి నవ్వాడు. "నాయనా! నువ్వు కూడా అమ్మ మాదిరి అయిపోతివే!"

అబిగయీలు కూడా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో నా భయాన్ని ఆయన అరువు తీసుకోవడం అదే మొదలు.

అత్త రెబెక్కమ్మ చెంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి పెట్టె పక్కన పీట మీద కూర్చుంది. ఎనభైకి దగ్గరపడినా ఆమె మాట ఈ ఇంట్లో దాటేవాళ్ళు లేరు. "పాపని పిలవండి" అంది.

ఏంజెలిన్ పెరటి వైపు నుంచి వచ్చి, వాళ్ళ నాన్న వెనక, తలుపుకి ఆనుకుని నిలబడింది. మూడు వారాల్లో మొహం పీక్కుపోయింది. ఈసారి టేపు సాగలేదు, బిడ్డ నిజంగానే చిక్కింది. దాని డ్రెస్సు ఇంకా నా ఒళ్ళోనే ఉంది. కింద మడతకి సూదులు గుచ్చుతూ కూర్చున్నాను. ఏదో ఒక పని చేతిలో లేకపోతే నా చేతులు నన్ను బయటపెడతాయి.

అత్త బట్టల దొంతర మీద చెయ్యి వేసి ప్రార్థన చేసింది. "తండ్రీ, ఈ వస్త్రాలు తొడిగే బిడ్డల నోట సత్యమైన స్తుతి ఉంచు" అంది. ప్రతి ఏడూ అనే మాటే. ఈ ఏడు ఆమేన్ అనడానికి నాకు నోరు రాలేదు.

దొంతర తీసి అత్త ఒళ్ళో పెట్టారు. మా ఆయన పెట్టె మూత తీశాడు. నేను పళ్ళ మధ్య మూడు సూదులు పెట్టుకున్నాను. నోరు విప్పకుండా ఉండటానికి నాకు అంతకన్నా దారి తోచలేదు.

పాట కింది నుంచే మొదలైంది. పెట్టె, కీబోర్డు ఒకటే అయిపోయాయి. జడ్సన్ మొహం వెలిగిపోయింది. తీరం చేరింది, వెలుగు చేరింది, పాట మెట్టు మెట్టుగా పైకి పోతోంది. ప్రభువా, కరెంటు తీసెయ్యి. రోజుకి నాలుగుసార్లు తీస్తావే, ఇప్పుడు ఒక్కసారి తీసెయ్యి.

తీయలేదు.

చివరి మెట్టు దగ్గర రెండు స్వరాలూ విడిపోయాయి. ఒకే గుడ్డని ఇద్దరు చెరో కొసా పట్టుకుని చింపినట్టు, మధ్యలో ఒక వణుకు పుట్టి గది అంతా గీరింది. పాట రాని నాకు కూడా పళ్ళు పులిశాయి. అత్త చెవి మీద చెయ్యి పెట్టుకుంది. జడ్సన్ వేళ్ళు ఎత్తేశాడు.

మా ఆయన ఆపలేదు. కళ్ళు మూసుకుని, చిన్నగా నవ్వుతూ, ఇంకా రెండు స్వరాలు ఒక్కడే వాయించాడు. తర్వాత కళ్ళు తెరిచి మా మొహాలు చూసి ఆపాడు.

"ఏంది జడ్సన్?" అంది అబిగయీలు. "నువ్వు తెచ్చింది చెడిపోయిందా?"

"కీబోర్డుకి శ్రుతి పోయేదేంది అత్తా, అది కరెంటుది."

"అయితే మీ నాయన పెట్టె తప్పంటావా? నాలుగు ఊళ్ళ పెట్టెలు చూసే మనిషి పెట్టె?" ఆమె గొంతులో నవ్వు లేదు. కనుబొమలు ముడిపడ్డాయి. "ఆ పైకి పోయిన కాడే గదా పాపని కూర్చోబెట్టినాడు?"

జడ్సన్ తలుపు వైపు తిరిగాడు. "అక్కా, నీ చెవి నాకు తెలుసు. నువ్వు చెప్పు. ఏది తప్పు?"

అందరూ ఏంజెలిన్ వైపు చూశారు, మా ఆయన తప్ప. ఆయన వీపు దాని వైపు ఉంది. బిడ్డ వాళ్ళ నాన్న వీపుని చూసింది. హడావిడిలో ఆయన ఇంకా విప్పని పచ్చికుట్టు చొక్కా భుజాన నేను తీయడం మరిచిన ఒక సూది మెరుస్తోంది. చెయ్యి చాపి, ఆయనకి తెలియకుండా ఆ సూది మెల్లగా లాగేసింది.

"కీబోర్డుదే తప్పు" అంది, మామూలు గొంతుతో. "నాయన పెట్టె తప్పదు."

అంటూ నా కళ్ళల్లోకి చూసింది. దానికి తెలుసు. ఈ రోజు కాదు, నిన్న కాదు, అందరి ముందూ కూర్చోమన్న ఆ ఆదివారమే తెలుసు. తెలిసే కూర్చుంది. తెలిసే నాతో ఆస్పత్రికి వచ్చి, నోరు తెరిచి డాక్టరుకి చూపించింది.

చూరు నుంచి నీళ్ళు కారుతున్నాయి. మా ఆయన జడ్సన్ మొహం చూశాడు, అత్త మొహం చూశాడు, అక్కడేమీ దొరక్క నా వైపు తిరిగాడు.

"ఏమన్నది పాప?" అన్నాడు.

బిడ్డ ఆయనకి జానెడు దూరంలో నిలబడి ఉంది. అబిగయీలు ఏంజెలిన్‌ని చూసింది, ఆయన చెవిని చూసింది, ఆ తర్వాత నన్ను చూసింది. అత్త ఒళ్ళోంచి మడత చొక్కా నేల మీదికి జారింది.

ఆయన మాత్రం నా పెదాల వంకే చూస్తున్నాడు, అన్నం కోసం చూసే పసిబిడ్డలా.

నేను పళ్ళ మధ్య నుంచి సూదులు ఒక్కొక్కటే తీసి ఒళ్ళో ఉన్న బిడ్డ డ్రెస్సుకి గుచ్చాను. ఒకటి. రెండు. మూడోది తీసేదాకే నాకు గడువు, ఆ తర్వాత పాప చెప్పిన అబద్ధమో, నిజమో నా పెదాలు చెప్పాలి.

మూడోది కూడా వచ్చేసింది.